నెలాఖరుకి అమ్మ మందు ఎందుకు అయిపోదు?

మా ఇంట్లో నెలాఖరు వచ్చిందంటే అన్నీ అయిపోయేవి. పంచదార, కాఫీపొడి, కందిపప్పు, నాన్నగారి బీపీ మాత్రలు... ఒక్కటి మాత్రం అయిపోయేది కాదు. అమ్మ ఇన్సులిన్ సీసా. ఒకటో తారీఖున కొన్న సీసాలో ముప్ఫయ్యో తారీఖున కూడా అడుగున ఇంకాస్త మందు మిగిలే ఉండేది.

'మీ అమ్మ ఏదైనా పొదుపుగా వాడుతుంది' అని నాన్నగారు మెచ్చుకునేవారు. మేమూ నవ్వేవాళ్లం. సూది మందుని పొదుపుగా వాడటం ఏమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు.

1999 వేసవిలో అమ్మ కాలికి చెప్పు కరిచింది. చిన్న పుండు. పసుపు పెట్టింది, కొబ్బరినూనె రాసింది, ఎవరికీ చెప్పలేదు. నేను సెలవులకి తెనాలి వెళ్లేసరికి రెండు వేళ్లు నల్లబడిపోయాయి. ఆసుపత్రిలో డాక్టరుగారు చీటీ చూసి నన్ను ఒక ప్రశ్న అడిగారు.

'పొద్దున 20 యూనిట్లు, రాత్రి 10. రోజుకి 30. సీసాలో ఉండేది 400 యూనిట్లు. అంటే సీసా ఎన్ని రోజులు రావాలమ్మా?'

'పదమూడు రోజులండీ.'

'మరి మీ అమ్మగారికి నెలంతా ఎలా వస్తోంది?'

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతి పిల్లలకి ఇంతకంటే కష్టమైన లెక్కలు రోజూ చెప్పేదాన్ని. మా అమ్మ లెక్క మాత్రం పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

అమ్మని అడిగితే ఆవిడ తలొంచుకుని, 'మీ తమ్ముడి ఫీజులు, నాన్నగారి మందులు... నాకేం, కొంచెం తక్కువ వేసుకుంటే ఏమైందిలే అనుకున్నాను' అంది. డాక్టరుగారు రాసిన దాంట్లో సగం కూడా ఆవిడ ఏనాడూ వేసుకోలేదన్నమాట. ఆ రెండు వేళ్లూ తీసేశారు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య మా వీధి చివర మందుల షాపులో నిలబడి ఉండగా ఒకావిడ వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. భర్త మాత్రలు నెలకి సరిపడా కట్టించుకుంది. మనవడి సిరప్పు తీసుకుంది. షాపబ్బాయి 'మీ ఇన్సులిన్ అక్కర్లేదా అమ్మా?' అంటే, 'ఇంకా కొంచెం ఉందిలే బాబూ, వచ్చే నెల చూద్దాం' అంది. గొంతుతో సహా అచ్చం మా అమ్మే!

మందుకి మడి లేదన్న బామ్మ

అమ్మకి షుగరుందని తెలిసింది 1988లో. సూది మందు వాడాల్సిందే అన్నప్పుడు అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, 'ఇది దేంతో చేస్తారు డాక్టరుగారూ?' ఆయన దాచకుండా, 'పంది క్లోమం నుంచో, పశువుల క్లోమం నుంచో తీస్తారమ్మా' అన్నారు. అమ్మ ముఖం పాలిపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు సీసా ముట్టుకోలేదు.

మా బామ్మ ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని మనిషి. ఆవిడకి తెలిస్తే ఇల్లు ఎగిరిపోతుందని మేమంతా భయపడుతుంటే, ఆవిడే అమ్మని పిలిచింది. 'అమ్మాయ్, ప్రాణం నిలబెట్టేది మందు. మందుకి మడేమిటే? వేసుకుని స్నానం చేసి వంటింట్లోకి రా' అనేసింది. అంతే, మడి గొడవ ఆ పూటతో తీరిపోయింది.

ఆ మందు వెనక ఎంత కథ ఉందో నాకు తర్వాత చదువుకుంటే తెలిసింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్ తీశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొదటిసారి సూది వేశారు. అంతకుముందు ఆ రకం షుగరు వచ్చిన పిల్లల్ని కడుపు మాడ్చి నాలుగు రోజులు ఎక్కువ బతికించడం తప్ప వేరే దారి లేదు. కనిపెట్టినవాళ్లు ఆ హక్కుల్ని తలా ఒక్క డాలరు తీసుకుని యూనివర్సిటీకి రాసిచ్చేశారు. ప్రాణం నిలిపే మందు మీద వ్యాపారం ఏమిటన్నది వాళ్ల ఉద్దేశం.

కానీ ఆ మందంతా జంతువుల నుంచే రావాలి. పావుకిలో కూడా లేని ఇన్సులిన్ కోసం రెండు టన్నుల పంది క్లోమాలు కావలసివచ్చేవి. పైగా అది మనిషి ఇన్సులిన్ కాదు కాబట్టి కొందరికి పడేది కాదు. సూది వేసిన చోట గడ్డలు కట్టేవి, దద్దుర్లు వచ్చేవి.

తోడు పెట్టినట్టే

1978లో అమెరికా శాస్త్రవేత్తలు కొత్త దారి కనిపెట్టారు. మన శరీరంలో ఇన్సులిన్ ఎలా తయారు చెయ్యాలో చెప్పే జన్యువు ఒకటుంటుంది. వంటకి కొలతల చీటీ లాంటిదనుకోండి. ఆ చీటీని తయారుచేసి ఒక బాక్టీరియాలో పెట్టారు. అది తన పని తాను చేసుకుంటూనే, ఈ చీటీ ప్రకారం మనిషి ఇన్సులిన్‌ని కూడా తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1982లో ఆ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. జన్యువుని మార్చి చేసిన మందుల్లో బజారుకొచ్చిన మొదటిది అదే.

'సూక్ష్మజీవితో చేసిన మందా? అమ్మో!' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోజూ రాత్రి మనం చేసే పనేమిటి? గోరువెచ్చని పాలల్లో చెంచాడు పెరుగు వేసి మూత పెడతాం. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఇడ్లీ పిండి పులిసేదీ సూక్ష్మజీవుల పుణ్యానే. వాళ్లు పెద్ద పెద్ద ట్యాంకుల్లో, వేడీ గాలీ కొలిచి, బాక్టీరియానో ఈస్టునో పెంచుతారు. తర్వాత అందులోంచి మందుని మాత్రం వేరుచేసి, మళ్లీ మళ్లీ శుద్ధిచేసి, పరీక్షించి సీసాల్లోకి ఎక్కిస్తారు. మీ చేతికొచ్చే సీసాలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. ఉండేది మందే.

మన దేశంలో ఈ పని మొదలుపెట్టినవాళ్లలో ఒక ఆడమనిషి ఉందని మనం మరిచిపోకూడదు. కిరణ్ మజుందార్ షా ఆస్ట్రేలియాలో పులియబెట్టే శాస్త్రం చదువుకుని వచ్చారు. బీరు తయారీలో పెద్ద ఉద్యోగానికి ప్రయత్నిస్తే ఆడదానికి ఈ పనేమిటని ఇవ్వలేదు. 1978లో బెంగుళూరులో కారు షెడ్డులో బయోకాన్ పెట్టి, బొప్పాయి నుంచి ఎంజైములు తీయడంతో మొదలుపెట్టారు. 2004లో అదే కంపెనీ ఈస్టు సాయంతో మనిషి ఇన్సులిన్ తయారుచేసి అమ్మింది. అంతకు ముందు ఏడాదే మన దేశంలో ఇంకో కంపెనీ కూడా మనిషి ఇన్సులిన్ తెచ్చింది. పోటీ రావడంతో ధరలు దిగాయి.

హైదరాబాదు టీకా

ధర దిగడం అంటే ఏమిటో మన తెలుగువాళ్లకి ఇంకా బాగా తెలియాలి. హెపటైటిస్-బి టీకా సంగతి చూడండి. మొదట్లో ఆ టీకాని జబ్బున్నవాళ్ల రక్తం నుంచే తీసేవారు. 1986లో ఈస్టుతో చేసిన టీకా అమెరికాలో వచ్చింది. అది ఇక్కడికి దిగుమతి అయ్యేసరికి ఒక్కో డోసు వందల రూపాయలు. మూడు డోసులు, ఇంట్లో నలుగురు... మధ్యతరగతి ఇళ్లకి అందే మాటేనా?

నెల్లూరు జిల్లావాసి కె.ఐ. వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. మందుల చదువు కాదు ఆయనది. అయినా ఈ టీకా మనమే చెయ్యాలని పట్టుబట్టి 1993లో హైదరాబాదులో కంపెనీ పెట్టారు. దానికి తన తల్లి పేరు పెట్టారు, శాంతా బయోటెక్నిక్స్ అని. 1997 ఆగస్టులో వాళ్ల టీకా బయటికొచ్చింది. డోసు సుమారు 50 రూపాయలు! నాకు బాగా గుర్తు, ఆ తర్వాత మా స్కూల్లో టీకా శిబిరం పెడితే పిల్లలు, టీచర్లు, ఆయాలు అంతా ఒకే వరసలో నిలబడ్డాం. 2011 నుంచి దేశమంతటా పసిపిల్లలకి ఇచ్చే ఉచిత టీకాల్లో అదీ చేరింది.

ఇది ఆడవాళ్ల విషయం ఎందుకంటే, ఆ వైరస్ తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డకి రావచ్చు. అలా పుట్టగానే సోకిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయం పాడైపోయే ప్రమాదం ఉంటుంది. పుట్టిన 24 గంటల లోపల మొదటి డోసు వేస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. అమ్మాయి కాన్పుకి వస్తే గర్భంలో ఉండగానే ఆ రక్తపరీక్ష చేశారా, బిడ్డ పుట్టిన రోజే టీకా వేశారా అని అడగాల్సింది మనమే. ఆసుపత్రి హడావుడిలో పడి ఆ ఒక్కరోజు జారిపోనివ్వకండి.

ఖరీదైతే మొదట మానుకునేది ఎవరు?

మా స్కూల్లోనే పనిచేసిన ఒకావిడకి కొన్నేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అందులో హెర్-2 అనే రకం. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో పదిహేను నుంచి ఇరవై మందికి ఈ రకం ఉంటుంది. దీనికి ట్రాస్టుజుమాబ్ అనే మందుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన యాంటీబాడీ మందు అది. హామ్‌స్టర్ అనే చిన్న జంతువు నుంచి తీసి పెంచిన కణాల్లో తయారుచేస్తారు. ఒకటి రెండు సూదులతో అయ్యేది కాదు. మూడు వారాలకోసారి చొప్పున సాధారణంగా ఏడాదిపాటు ఎక్కించుకోవాలి.

ఖర్చు విని ఆవిడ భర్త, ఉన్న స్థలం అమ్ముదామన్నాడు. ఆవిడే ఒప్పుకోలేదు. 'అది అమ్మాయి పెళ్లికి. ముట్టుకోవడానికి వీల్లేదు' అంది. చివరికి ఆ అమ్మాయే, 'నువ్వు లేని పెళ్లి నాకెందుకమ్మా?' అని ఏడిస్తే దిగొచ్చింది. అప్పటికే మన దేశంలో చేసిన ట్రాస్టుజుమాబ్ వచ్చి ఉంది. 2014లో మొదటిసారి వచ్చిందది. చవకేం కాదు, కానీ విదేశీ మందుకంటే తక్కువ. మొత్తం కోర్సు పూర్తి చేసుకుంది. కూతురి పెళ్లిలో నాకు స్వయంగా కొసరి కొసరి వడ్డించింది.

ఇలా ఇంకో కంపెనీ చేసిన మందుని బయోసిమిలర్ అంటారు. అంటే నకిలీ అని కాదు. మామూలు మాత్ర అయితే రసాయనాలు కలిపి అచ్చు గుద్దినట్టు చెయ్యొచ్చు. ఇది ప్రాణమున్న కణాల్లో తయారయ్యేది. ఒకే పాలు పంచుకున్నా మీ ఇంటి పెరుగు, మా ఇంటి పెరుగు కొంచెం తేడాగా ఉంటాయి కదా! అందుకే అసలు మందుతో పోల్చి, పనితనంలో, భద్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరీక్షల్లో రుజువు చెయ్యాలి. మన దేశంలో దీనికి 2012లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు. కాబట్టి 'ఇందులో బయోసిమిలర్ ఉందా?' అని డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించింది ఒకటే. ఇంట్లో మగవాళ్లకి మందు కావాలంటే 'అప్పు చేసైనా తెద్దాం' అంటాం. పిల్లలకైతే ఆలోచించనే ఆలోచించం. ఆడదానికి వచ్చేసరికి లెక్కలు వేస్తాం. ఆ లెక్క వేసేది కూడా చాలాసార్లు ఆవిడే! మగవాళ్లనే తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. మా నాన్నగారు అమ్మ మందుకి ఏనాడూ డబ్బు లేదనలేదు. అమ్మ అడగలేదు. ఆయన చూడలేదు. ఆ రెండింటి మధ్యా రెండు వేళ్లు పోయాయి.

శాస్త్రవేత్తలు పంది అవసరం లేకుండా చేశారు. మనవాళ్లు ధర దించారు. బామ్మ మడి తీసి పక్కన పెట్టింది. ఇన్ని అడ్డంకులు తొలగినా ఆ మందు చివరి నాలుగడుగులు దాటి అమ్మ ఒంట్లోకి వెళ్లలేదు. 'నాకెందుకులే' అన్న ఒక్క మాట ఆపేసింది.

అత్తగార్లకి, అమ్మలకి ఒక మాట

కడుపుతో ఉన్న అమ్మాయికి షుగరు వచ్చిందని డాక్టరు ఇన్సులిన్ రాస్తే, 'ఈ సమయంలో సూదులేమిటి? కడుపులో బిడ్డకి పోతుంది' అని ఆపేసే పెద్దవాళ్లని నేను చూశాను. ప్రేమతోనే అంటారు. కానీ నిజం వేరు. ఇన్సులిన్ మాయని దాటి బిడ్డలోకి వెళ్లదు. తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర మాత్రం వెళుతుంది. బిడ్డకి చెరుపు చేసేది ఆ చక్కెర. అందుకే గర్భిణులకి ఎంతోకాలంగా ఇన్సులిన్ ఇస్తున్నారు.

ఇంకొకటి, 'ఒకసారి సూది మొదలుపెడితే జన్మంతా వదలదు' అనే భయం. మా అమ్మని ఇరుగుపొరుగు ఇదే మాటతో బెదిరించారు. సూది అలవాటు చేసే మత్తుమందు కాదు. ఒంట్లో చాలినంత తయారవని దాన్ని బయట నుంచి ఇస్తున్నాం, అంతే. కాకరకాయ కూర తినండి, మెంతులు నానబెట్టుకుని తాగండి, ఎవరూ కాదనరు. కానీ వాటిని నమ్ముకుని సూది మానేయకండి. చిన్నపిల్లలకి వచ్చే రకం షుగరులో ఇన్సులిన్ మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది.

వాడేటప్పుడు చూసుకోవాల్సిన సంగతులు కూడా కొన్నున్నాయి. మన దగ్గర సీసాల్లో దొరికేది ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ రంగు మూతది 100 యూనిట్ల మందుకి. ఒకదానికి ఒకటి వాడితే డోసు తలకిందులైపోతుంది. షాపులో సిరంజి తీసుకునేటప్పుడు సీసా పక్కన పెట్టి చూసుకోండి. తెరవని సీసాలు ఫ్రిజ్జులో పెట్టాలి. తలుపు దగ్గర పెట్టండి, ఐసు గడ్డకట్టే చోట మాత్రం వద్దు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. తెరిచిన సీసాని సుమారు నాలుగు వారాల్లో వాడెయ్యాలి. మన వేసవిలో ఫ్రిజ్జు లేని ఇంట్లో వంటింటి అలమారలోనో, కిటికీలోనో పెట్టడం కంటే, సీసాని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, తడిపిన ఇసకలో ఉంచిన మట్టికుండలో నీడపట్టున పెట్టుకోవడం మేలు.

డబ్బు ఇబ్బంది ఉంటే డోసు తగ్గించుకోకండి. ఆ మాట డాక్టరుతో చెప్పండి. ఇన్సులిన్‌లో రకాలున్నాయి. కొత్త రకాలు ఖరీదెక్కువ. పాత రకం మనిషి ఇన్సులిన్ ధర తక్కువ, చాలామందికి అది సరిపోతుంది. మీకు ఏది సరిపోతుందో ఆయనే చెప్పాలి. అవసరమైన మందుల జాతీయ జాబితాలో ఇన్సులిన్ ఉంది. ఆ జాబితాలోని మందులకి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. జన ఔషధి దుకాణంలో అడగండి, ప్రభుత్వాసుపత్రిలో అడగండి. అక్కడ 'స్టాకు లేదు' అంటే ఊరుకోకండి. నలుగురు కలిసి మళ్లీ అడగండి. పొదుపు సంఘాల్లో గ్యాసు బండ గురించి, బియ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. ఇన్సులిన్ గురించి ఎందుకు మాట్లాడుకోకూడదు?

ఇక మన ఇంటి సంగతి. నేను ఇప్పుడు నా మందు సీసా అట్టపెట్టె మీద రెండు తేదీలు రాస్తాను. తెరిచిన రోజు ఒకటి, అయిపోవాల్సిన రోజు ఒకటి. అవును, నాకూ షుగరు వచ్చింది, అమ్మ ఇచ్చిన ఆస్తి! ఆ రెండో తేదీ మా కోడలు క్యాలెండరులో కూడా రాసి పెడుతుంది. ఆ రోజుకి సీసా ఖాళీ కాకపోతే, 'ఏం అత్తయ్యా, ఎక్కడ తేడా వచ్చింది?' అని నిలదీస్తుంది. లెక్కల టీచరుకి లెక్క అడిగే మనిషి దొరికింది.

మీరు కూడా ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. అమ్మ దగ్గరకి వెళ్లినప్పుడు, లేదా ఫోను చేసినప్పుడు, 'మందులు వేసుకుంటున్నావా?' అని అడగకండి. 'ఆఁ, వేసుకుంటున్నాను' అంటుంది. మా అమ్మా అలాగే అనేది. డాక్టరు చీటీ చూడండి, సీసా చూడండి, లెక్క వెయ్యండి. అత్తగారిదైనా, ఆడపడుచుదైనా, చివరికి మీదైనా సరే.

పంచదార మిగిలితే సంతోషం, కందిపప్పు మిగిలితే ఇంకా సంతోషం. అమ్మ మందు మాత్రం అయిపోవాల్సిన రోజుకి అయిపోవాలి.